కిటికీలోంచి కనబడని కొట్టం

"నాలుగింటికి బండి కదులుతుంది. ఈలోగా నీ ముచ్చట తీర్చుకో" అన్నాడు గర్డన్ ట్రేసీ, జేబు గడియారం మూత ఠప్పున మూసి.

అప్పుడు గురువారం మధ్యాహ్నం, టైము రెండూ పది. ప్రూడెన్ దొర ఇంటి గేటు ముందు జైలు బండి సిద్ధంగా ఉంది. వంటింట్లో పనిమనిషి డార్కాస్ చేతులకు బేడీలతో స్టూలు మీద కూర్చుంది. మేడమీది గదిలో బొమ్మలు గీసే ఆమస్ ఫిచ్ని సోమవారం ఎవరో తల పగలగొట్టి చంపారు. చంపింది డార్కాసే అంటాడు గర్డన్. బండెక్కిందంటే కౌంటీ జైలు, ఆ తర్వాత కోర్టు, ఆ తర్వాత ఉరి. మధ్యలో ఆగడం ఉండదు. ఆ దారి నాకు బాగా తెలుసు.

"గడువిచ్చినందుకు సంతోషం" అన్నాను.

"ఇచ్చింది నేను కాదు, డీకన్ గారు. నా చేతిలో ఉంటే జీనులు కుట్టుకునేవాణ్ణి ఈ గడప తొక్కనిచ్చేవాణ్ణి కాను."

అతను కౌంటీకి డిప్యూటీ షెరిఫ్. నేను జీనులు కుట్టుకుంటూ ఊరికి కానిస్టేబుల్ని. ఏటా మార్చిలో జరిగే ఊరి సభలో కానిస్టేబుల్ పని అంటే జనం తల వంచుకుని బూట్లు చూసుకుంటారు. నేను మాత్రం ఆరేళ్ళుగా అడిగి మరీ తీసుకుంటున్నాను. ఎందుకో గర్డన్‌కి తెలుసు. ప్రూడెన్ దొరకీ తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట, ఇంగ్లీషు రాజుతో స్వాతంత్ర్య యుద్ధం జరిగే రోజుల్లో, ఈ దొరగారి ధాన్యపు కొట్టం తగలబడింది. అందులో సైన్యానికి పంపాల్సిన పిండి బస్తాలు ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళకి అమ్ముడుపోయి నిప్పంటించాడని మా అన్న రూబెన్‌ని ఉరితీశారు. వాడికి ఇరవై రెండేళ్ళు. నాకు పదిహేడు. సాక్ష్యం చెప్పింది ఇద్దరు, ప్రూడెన్ దొర ఒకరు, ఆయన గుమాస్తా గర్డన్ ట్రేసీ ఇంకొకడు. ఆ గుమాస్తాయే తర్వాత దొరగారి అల్లుడయ్యాడు, ఆ పైన డిప్యూటీ అయ్యాడు.

వీళ్ళిద్దరిలో ఒక్కణ్ణయినా ఉరికొయ్య దాకా నడిపించి తీసుకెళ్ళాలన్నది నా కోరిక. దాన్ని న్యాయం అని పిలిచి నన్ను నేను మోసం చేసుకోను. అది పగే.

డీకన్ మన్ వంటింట్లోనే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన చర్చి పెద్ద, ఊరికి మేజిస్ట్రేటు కూడా. డార్కాస్‌ని జైలుకి పంపే కాగితం ఆయన ముందే ఉంది, సంతకం ఒక్కటే బాకీ.

"అమ్మా డార్కాస్, సోమవారం సంగతి మొదట్నుంచీ చెప్పు" అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పనయ్యా? నోరు నొప్పెడుతోంది. ఒంటిగంటన్నరకి పైకి భోజనం పట్టుకెళ్ళాను. ఉడకబెట్టిన పంది మాంసం, రొట్టె, తాగడానికి యాపిల్ సైడరు. ఆయన దొరగారి బొమ్మకి చేతులు వేస్తున్నాడు. 'అక్కడ పెట్టు డార్కాస్, ఈ వేలొకటి నా ప్రాణం తీస్తోంది' అన్నాడు. నిజంగానే ప్రాణం పోయింది పాపం. నాలుగుంపావుకి పళ్ళెం తెద్దామని వెళ్తే నేలమీద పడున్నాడు. తిండి ముట్టుకున్నట్టే లేదు."

"మధ్యలో నువ్వెక్కడున్నావు?"

"పెరట్లో సబ్బు కాస్తున్నాను. ఆ కుండ వదిలి కదిలితే పొంగిపోదూ?"

"ఎవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు? ఊరి దళం కవాతు రోజు కదా. ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. దొరగారు మందు చుక్కలేసుకుని రెండింటి నుంచి నాలుగింటిదాకా పడుకున్నారు."

"అదుగో!" అన్నాడు గర్డన్. "ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకాయన నిద్రలో ఉన్నారు. ఇంకొకతె ఇస్త్రీ పెట్టెకి నెత్తురంటింది. బూడిద డబ్బాలోంచి నేనే తీశాను. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఆ ఇస్త్రీ పెట్టె పది రోజుల నుంచి ఆయన గదిలోనే ఉంది!" అంది డార్కాస్. "కాన్వాసు గుడ్డ ముడతలు పోవడానికి బరువు కావాలని తనే అడిగి తీసుకున్నాడు. నేనెందుకు చంపుతానయ్యా ఆయన్ని? మాటకి ముందు దయచేసి అనేవాడు. ఈ ఇంట్లో నాతో అలా మాట్లాడినవాడు ఇంకెవడున్నాడు?"

డీకన్ మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేమూ మైదానంలోనే చచ్చాం. ఉత్తుత్తి యుద్ధం రెండున్నరకని చెప్పారు. మందుగుండు రాలేదని మూడుంపావు దాటేదాకా ఎండలో నిలబెట్టారు. నా వయసుకి అదేం శిక్ష!"

ఆ మాట నేను మనసులో దాచుకున్నాను. పైకి మాత్రం డార్కాస్‌నే అడిగాను.

"ఆయనకి ఇక్కడ ఎవరితోనైనా గొడవ అయిందా?"

డార్కాస్ గర్డన్ వైపు చూసి కళ్ళు దించుకుంది. "గొడవని చెప్పను. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక మాటన్నాడు. 'కిటికీలో ఏది కనబడితే అదే వెయ్యమని దొరగారు పిలిపించారు, డార్కాస్. లేనిది పెట్టమని ఇంకొకరు బతిమాలుతున్నారు. ముప్పయ్యేళ్ళలో లేని చెట్టు ఒక్కటి వెయ్యలేదు, ఇప్పుడు వేస్తానా' అన్నాడు. ఆ ఇంకొకరెవరో చెప్పలేదు."

ఈ వాడుక మా వైపు అందరికీ తెలిసిందే. నాలుగెకరాలు కలిసొచ్చినవాడు ఎవడైనా బొమ్మ వేయించుకుంటే వెనక ఒక కిటికీ ఉండి తీరాలి. ఆ కిటికీలోంచి తన పొలం, తన చెరువు, తన కంచె కనబడాలి. మొహం కొంచెం అటూ ఇటూ అయినా ఊరుకుంటాడు గానీ కంచె ఒక గజం అటు జరిగితే ఊరుకోడు. ఆమస్ ఫిచ్‌కి అందుకే అంత గిరాకీ. పొద్దున్న ఆ కిటికీ దగ్గరే నిలబడి, కనబడే రాయిని రాయిలాగా వేసేవాడు.

"గది చూడాలి" అన్నాను.

"చూడు" అంటూ గర్డన్ జేబులోంచి తాళంచెవి తీసి ఊపాడు. "చూసి నేర్చుకో. తాళం వెయ్యడం కూడా ఒక విద్యే."

గదిలో తలుపు పక్కన నేలమీద నెత్తుటి మరక ఆరి నల్లబడింది. కిటికీ కింద రంగుల పెట్టె, మూత పెట్టిన సీసాలు, కుంచెలు నానబెట్టిన జాడీ. మధ్యలో చట్రం మీద ప్రూడెన్ దొర బొమ్మ, దాదాపు నిలువెత్తు. ఆకుపచ్చ కుర్చీ, ఊదా కోటు, పెద్ద గెడ్డం, ఒకరికి అప్పు ఎగ్గొట్టి వచ్చినవాడిలా పక్కకి చూసే ఆ చూపు. ఎడమ చెయ్యి పూర్తయింది. కుడి చేతికి రెండు వేళ్ళే ఉన్నాయి.

దొర భుజం వెనక కిటికీ. అందులో యాపిల్ తోట, దాని వెనక బండరాళ్ళ గుట్ట, గుట్ట పక్కనే ఎర్రటి ధాన్యపు కొట్టం. పెద్ద తలుపులు, తలుపు పైన 1780 అన్న అంకెలు. కాలిపోయినదాని పునాదుల మీదే మరుసటి ఏడు కట్టిన కొట్టం అది.

నేను బొమ్మ ముందు నుంచి జరిగి, అసలు కిటికీ దగ్గర నిలబడ్డాను.

యాపిల్ తోట ఉంది. బండరాళ్ళ గుట్ట ఉంది. కొట్టం లేదు.

ఎడమకి వంగాను, కుడికి వంగాను, మునివేళ్ళ మీద లేచాను. కొట్టం గుట్టకి అవతల పల్లంలో ఉంది. ఈ కిటికీలోంచి దాని కప్పు కొస కూడా కనబడదు.

చేతులు కిటికీ చెక్కని పట్టుకున్నాయి. పంతొమ్మిదేళ్ళ కిందట కౌంటీ కోర్టులో ఇద్దరూ బైబిల్ మీద చెయ్యేసి చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. 'మేమిద్దరం మేడమీది తూర్పు గది కిటికీ దగ్గర నిలబడి ఉన్నాం. కొట్టం తలుపు దగ్గర కాగడాతో రూబెన్ వాడమ్స్‌ని చూశాం. మంటల వెలుగులో మొహం స్పష్టంగా కనబడింది.' ఆ తూర్పు గది ఇదే. ఆ కోర్టు ఇరవై మైళ్ళ దూరం. యుద్ధకాలం. ఇక్కడికి వచ్చి ఈ కిటికీలోంచి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. దొరగారి ఇంట్లో మేడమీదికి ఊరివాళ్ళెవరూ రారు. నేనూ ఇదే మొదటిసారి ఎక్కడం.

రూబెన్, నిన్ను చూడనేలేదురా వీళ్ళు. చూడటానికి వీలే లేదు.

గర్డన్ గుమ్మానికి ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. నేను బొమ్మ దగ్గరికొచ్చి, దొర కోటు మీద బొటనవేలు ఆన్చాను. ఆరిపోయింది. గుట్ట మీద ఆన్చాను, అదీ ఆరిపోయింది. కొట్టం మీద ఆన్చాను. వేలు ఎర్రగా వచ్చింది.

వేలు పిడికిట్లో దాచుకుని కిందికి దిగాను.

హాల్లో ప్రూడెన్ దొర నిప్పు పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఈయనే అనుకున్నాను. మెట్లు దిగుతున్నంతసేపూ ఈయన మెడ చుట్టూ తాడు బిగిస్తూనే ఉన్నాను.

"ఏం సైలస్, దొరికిందా?" అంటూ ఆయన టీ కప్పు అందుకున్నాడు.

కప్పు నోటిదాకా చేరలేదు. చెయ్యి గజగజ వణికి సగం టీ దుప్పటి మీద పడింది. రెండో చెయ్యి ఊతమిచ్చినా ఆగలేదు.

"రెండేళ్ళయింది ఇలాగే" అన్నాడు చూపు తిప్పుకుని. "సంతకం కూడా పెట్టలేను. మెట్లెక్కి ఏడాదైంది. ఆమస్ నన్ను ఇక్కడే కూర్చోబెట్టి గీసుకుని, పైన రంగులేసేవాడు."

బొమ్మలోని కొట్టం గోడలు కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. 1780 అంకెల్లో ఒక్క వంకర లేదు. ఈ చేతులు అవి వెయ్యలేవు.

నాకు ముందు నిరాశే కలిగింది. ఉన్నమాట చెబుతున్నాను. చేతికందిన మెడ జారిపోయినట్టయింది. ఆ తర్వాత తాళంచెవి గుర్తొచ్చింది. నిరాశ పోయింది.

మూడూ ఇరవై. డీకన్ మన్‌ని, డార్కాస్‌ని వెంటబెట్టుకుని మళ్ళీ మేడెక్కాను; డీకన్ చేతిలో ప్రమాణాల బైబిల్, ముందు తాళంచెవితో గర్డన్. డార్కాస్‌ని గది బయటే మెట్ల దగ్గర నిలబెట్టాను.

"డీకన్ గారూ, నాకొక అనుమానం. ఈ గదికి తాళం సరిగా వెయ్యలేదేమో. ఎవరో వచ్చిపోయినట్టుంది."

గర్డన్ మొహం ఎర్రబడింది. "ఎవడన్నాడా మాట?"

"నేనే. నీ బుద్ధి తెలుసు కాబట్టి. తాళంచెవి ఏ సారాకొట్టు బల్లమీదో మర్చిపోయి ఉంటావు. లేదా ఎవరికో ఇచ్చుంటావు."

"ఒరేయ్ జీనుల సైలస్! సోమవారం సాయంత్రం ఐదింటికి శవాన్ని దింపి నా చేత్తో తాళం వేశాను. ఈ గదికి ఒకటే తాళంచెవి. అప్పట్నుంచి నన్ను వదిలి కదల్లేదు. పడుకున్నా మెడలోనే ఉంది."

"నోటిమాట ఎవడైనా చెబుతాడు. ప్రమాణం చేస్తావా?"

"వంద చేస్తాను!"

"గర్డన్, తొందరపడకు" అన్నాడు డీకన్, ఏదో వాసన తగిలినవాడిలా.

"మీరుండండి డీకన్ గారూ. ఇతగాడు నా ఉద్యోగానికే మచ్చ పెడుతున్నాడు." అతను డీకన్ చేతిలోని బైబిల్ మీద అరచెయ్యి పెట్టాడు. "సోమవారం ఐదింటి నుంచి ఈ గదిలోకి నేను తప్ప పురుగు కూడా రాలేదు. దేవుడి మీద ప్రమాణం. చాలా?"

"చాలు, చాలు. డార్కాస్, లోపలికి రామ్మా."

డార్కాస్ ముందు నెత్తుటి మరక చూసి మొహం తిప్పుకుంది. అలా తిప్పుకున్నప్పుడు బొమ్మ కంట పడింది. బేడీల చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఇదెవరు పెట్టారు? ఈ కొట్టం?"

"ఆమస్ వెయ్యలేదా?"

"ఆయనా? కిటికీ పని శనివారమే అయిపోయిందయ్యా. గుట్ట మీద ఎండ వేశాడు, 'ఇక దీని జోలికి వెళ్ళను డార్కాస్' అన్నాడు. సోమవారం వేళ్ళ దగ్గరే ఉన్నాడు. ఈ ఎర్రడబ్బా అప్పుడెక్కడిది?"

"సోమవారం మధ్యాహ్నం వేసుంటాడు" అన్నాడు గర్డన్.

నేను పిడికిలి విప్పి బొటనవేలు డీకన్ మొహం ముందు పెట్టాను. ఆయన తనూ వేలు ఆన్చి చూసుకున్నాడు. ఎరుపు.

"రంగులు నూరింది నువ్వే కదా డార్కాస్. ఆయన రంగు ఎన్నాళ్ళకి ఆరుతుంది?"

"ఎన్నాళ్ళేమిటి, మర్నాటికే గట్టిపడుతుంది. అవిసె నూనెలో సీసప్పొడి వేసి నా పొయ్యి మీదే కాచేవాడు. ఆ కంపుకి దొరగారు కర్ర పట్టుకుని కొట్టినంత పని చేశారు. కాచిందే వాడేవాడు. పచ్చినూనె కుంచెలు కడుక్కోవడానికి." ఆమె బొమ్మ మీదికి వంగి వాసన చూసింది. "ఇది పచ్చినూనె. పనివాడెవడూ ఇలా వెయ్యడు. కుంచెల జాడీలోది ముంచి వేశాడెవడో. వారం రోజులైనా ఆరదిది."

"ఆమస్ సోమవారం పోయాడు" అన్నాను. "పనివాడు తన కాచిన నూనె వదిలి కుంచెలు కడిగేదాంతో వెయ్యడు. గదిలోకి నువ్వు తప్ప పురుగు రాలేదని ఇప్పుడే బైబిల్ ముట్టుకున్నావు. మరి ఈ కొట్టం ఎవరు కట్టారు గర్డన్?"

అతను గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పైగా నీ గొప్ప చూడు. రోడ్డు మీంచి కనబడే తలుపులు, అంకెలు కూడా వేశావు. ఇక్కడినుంచి కనబడితే దాని వీపు కనబడాలి. అదీ కనబడదు. డీకన్ గారూ, ఒక్కసారి ఈ కిటికీలోంచి చూడండి. పంతొమ్మిదేళ్ళ కిందట వీళ్ళు మా అన్న మొహాన్ని చూసిన కిటికీ ఇదే."

డీకన్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"చెట్లు పెరిగాయి!" అని అరిచాడు గర్డన్. "అప్పుడు తోట చిన్నది, ఇప్పుడు అడ్డమొచ్చింది!"

"అడ్డమున్నది తోట కాదురా, గుట్ట. రాయి పెరగదు."

డీకన్ మెల్లగా ఇటు తిరిగాడు. "సోమవారం మందుగుండు తేవడానికి వెళ్ళింది నువ్వే గదా గర్డన్? రెండున్నరకి వెళ్ళావు. మూడుంపావుకి వచ్చావు. మందుగుండు కొట్టు మైదానానికి నూరడుగులు కూడా లేదు."

గర్డన్ చెయ్యి కోటులోకి వెళ్ళింది. నేను ఎదురు చూస్తున్నది అదే. మణికట్టు పట్టుకుని గోడకి కొట్టాను. పిస్తోలు నేలమీద పడింది. రెండోసారి కొట్టాను. మూడోసారి కొట్టాల్సిన అవసరం లేదు, అయినా కొట్టాను. అది రూబెన్‌ కోసం.

"నన్నొక్కణ్ణే పట్టుకుపోతావా?" అన్నాడు పెదవి మీద నెత్తురు తుడుచుకుంటూ. "ఆ సాక్ష్యం నేనొక్కణ్ణే చెప్పలేదు. కిందికి పద. మా మామ ఏమంటాడో విందువుగాని. నన్ను ముంచితే ఆయనా మునుగుతాడు."

గర్డన్ని ముందు నడిపించి, బొమ్మ మోసుకుని దిగాం. హాల్లో ప్రూడెన్ దొర ముందు నిలబెట్టాం. ఆయన అల్లుడి వైపు చూడలేదు. బొమ్మలో కిటికీ వైపే చూశాడు.

"నిన్న సాయంత్రం పైన అడుగుల చప్పుడు వినబడింది" అన్నాడు. "ఏం చేస్తున్నావో అనుకున్నాను గర్డన్. ఇదా."

"మామా, చెప్పండి వీళ్ళకి!"

"చెబుతాను. ఆ రోజు మేమిద్దరం కిటికీ దగ్గర లేం. పిండి బస్తాలు అంతకు నెల ముందే ఇద్దరం అమ్మేసుకున్నాం. సైన్యం లెక్క అడిగేసరికి ఖాళీ కొట్టానికి నిప్పు పెట్టింది ఇతను. నింద మొయ్యడానికి ఆ సాయంత్రం రోడ్డు మీద పోతున్నవాణ్ణి ఎవణ్ణో ఇతనే ఎంచాడు. ప్రమాణం ఇద్దరం చేశాం."

డీకన్ వంటింట్లోంచి కాగితం, కలం తెచ్చుకుని కూర్చున్నాడు. నా చెవుల్లో మాత్రం ఒక్క మాటే మిగిలింది. రోడ్డు మీద పోతున్నవాడెవడో. మా అన్న ఆ పూట నాకోసం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నాకు జ్వరం.

"మరిప్పుడెందుకు చెబుతున్నారు?" అన్నాను.

"నా కూతుర్ని ఇతనికిచ్చాను. ఎలా చూశాడో, ఎలా పోయిందో ఊరంతా చూసింది. అప్పట్నుంచి కాచుకున్నాను సైలస్. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకే ఆమస్‌ని పిలిపించాను. ఆ గదిలోంచే వెయ్యి, కనబడేదే వెయ్యి అన్నాను. బొమ్మ ఈ హాల్లో వేలాడితే ఎవరో ఒకరు అడుగుతారు, కొట్టమేదీ అని. నువ్వే అడుగుతావనుకున్నాను." ఆయన ముసలి కళ్ళలో మెరుపు కనబడింది. "నా పగ తీరింది. నీదీ తీరింది."

"చెప్పే ధైర్యం మీకు లేదని ఆమస్ ప్రాణం పోయింది. సోమవారం నుంచి ఈమె బేడీల్లో ఉంటే టీ తాగుతూ కూర్చున్నారు."

దొర దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

డార్కాస్ చేతుల బేడీలు విప్పి గర్డన్ చేతులకి వేశాను. సరిగ్గా సరిపోయాయి. డీకన్ ఆ కాగితం మీద డార్కాస్ పేరు కొట్టేసి కొత్త పేరు రాశాడు. కలం కింద పెట్టబోతుంటే ఆపాను.

"ఇంకో పేరు కూడా రాయండి."

"సైలస్!" అన్నాడు ప్రూడెన్ దొర. "నేను వచ్చే చలికాలం చూడను. చావబోయేవాణ్ణి."

"రూబెన్‌కి ఇరవై రెండేళ్ళు దొరగారూ. ఆ సాయంత్రం వాడికి చావబోతున్నానని కూడా తెలియదు. డాక్టరు దగ్గరికెళ్తున్నాననుకున్నాడు. దుప్పటి తెచ్చుకోండి, బండిలో చలేస్తుంది."

డీకన్ రాశాడు, దొర ఒప్పుకున్నదంతా కింద చేర్చి సంతకం పెట్టాడు. గర్డన్ చెప్పిన టైముకే, సరిగ్గా నాలుగింటికి, బండి కదిలింది. మామ ఒక పక్క, అల్లుడు ఒక పక్క, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. నేను ముందు కూర్చుని పగ్గాలు పట్టుకున్నాను.

గేటు దాటుతూ వెనక్కి చూశాను. డార్కాస్ హాలు కిటికీ దగ్గర బొమ్మ ముందు వంగి, టర్పెంటైన్ గుడ్డతో కొట్టాన్ని తుడుస్తోంది. కింద ఆమస్ వేసిన గుట్ట, దాని మీద శనివారం నాటి ఎండ బయటపడుతున్నాయి.